నేల ఇచ్చిన రంగులు, సముద్రం చెప్పిన కథ

ఖరగ్‌పూర్‌లో రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నుంచి హౌరా వైపు వెళ్లే లోకల్ బండి ఎక్కి, బాలీచక్ స్టేషనులో దిగి, రోడ్డు మీద కొంత దూరం పోతే పింగ్లా ప్రాంతంలోని నయా అనే పల్లె వస్తుంది. ఇది పటువాల ఊరు. పటాలు గీసి, వాటిని చూపుతూ పాట పాడే చిత్రకారులను పటువాలు అంటారు. వీరి ఇంటిపేరే చిత్రకర్. వీరిలో ఎక్కువ మంది ముస్లింలు. అయినా రామాయణ కథలు, దేవతల కథలు గీస్తారు.

పటం ఎలా తయారవుతుంది?

కాగితాలను ఒకదాని కింద ఒకటి చేర్చి పొడవుగా అతికిస్తారు. చిరగకుండా వెనుక పాత చీర గుడ్డ అంటిస్తారు. చాపలా చుట్టి ఊరూరా తీసుకువెళ్తారు. పటం విప్పుతూ, ఒక్కొక్క బొమ్మను వేలితో చూపుతూ పాడతారు. మన చేర్యాల నకాషీ పటాలు కూడా ఇలాంటివే. అయితే అక్కడ గీసేవారు వేరు, కథ చెప్పేవారు వేరు. ఇక్కడ రెండూ ఒకరే చేస్తారు.

రంగులు ఎక్కడివి?

చుట్టూ ఉన్న నేలే వీరికి రంగుల దుకాణం. పసుపు కొమ్ము నుంచి పసుపు రంగు, చిక్కుడు ఆకు నుంచి ఆకుపచ్చ, శంఖుపుష్పం నుంచి నీలం, బచ్చలి పండ్ల నుంచి ఊదా, దీపపు మసి నుంచి నలుపు తీస్తారు. రంగు నిలవడానికి మారేడు కాయ బంక కలుపుతారు.

సముద్రం పటంలోకి ఎలా వచ్చింది?

2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూకంపం వచ్చింది. దానివల్ల లేచిన సునామీ అండమాన్ నికోబార్ దీవులను, మన దేశపు తూర్పు తీరాన్ని ముంచెత్తింది. పటువాలు ఆ విషాదానికి పాట కట్టి పటం గీశారు. ఎగసే అలలు, నీటిలో కొట్టుకుపోయే మనుషులు అందులో కనిపిస్తారు. మొయినా, జయదేబ్ చిత్రకర్ గీసిన సునామీ పటం తరువాత పుస్తకంగా కూడా వచ్చింది.

దీనిలో ఒక విషయం గమనించండి. చదవడం రాని వారికి కూడా ఈ పటం వార్తను అందిస్తుంది. కంటితో చూసి, చెవితో విని అర్థం చేసుకోవచ్చు. సినిమా, టీవీ వచ్చాక పటం చూసేవారు తగ్గారు. కొత్త సంఘటనలను గీయడం వల్ల ఈ కళకు మళ్లీ ఆదరణ దొరికింది. 2018లో బెంగాల్ పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

మట్టి మీద పడవలు

ఖరగ్‌పూర్ నుంచి ఆద్రా వైపు వెళ్లే మార్గంలో బిష్ణుపూర్ ఉంది. ఆ ప్రాంతంలో గుడి కట్టడానికి మంచి రాయి దొరకడం కష్టం. అందుకే మల్ల రాజులు ఇటుకలతో గుళ్లు కట్టించారు. మెత్తని మట్టి పలకల మీద బొమ్మలు చెక్కించి, కాల్పించి, గోడలకు అమర్చారు. 1655లో కట్టిన జోడ్ బంగ్లా గుడి గోడల మీద పడవలు, వేట దృశ్యాలు చూడవచ్చు. మట్టి పలక గోడ మీదే ఉండి కథ చెబుతుంది. పటం మన ఊరికి వచ్చి చెబుతుంది. రెండింటికీ ముడిసరుకు ఇచ్చింది మాత్రం అక్కడి నేలే.

ఆలోచించండి

1. మీ ఇంటి చుట్టూ దొరికే ఏ ఆకులు, పూల నుంచి రంగులు తీయవచ్చు?
2. మీ ఊరిలో జరిగిన ఒక సంఘటనను పటంగా గీయాలంటే మొదటి బొమ్మ ఏది వేస్తారు? ఎందుకు?