చావు కబురు లేని పెట్టె

భువనగిరి నేత ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున దొరికే పాత కార్డులను వరుసగా పేర్చి చూడండి. పెళ్లి కబురు ఉంటుంది, కొడుకు పుట్టిన కబురు ఉంటుంది, షోలాపూర్ నుంచో భివండి నుంచో మనియార్డరు పంపామన్న మాట ఉంటుంది. చావు కబురు మాత్రం కనిపించడం అరుదు. ఆ కార్డును గడప దాటనిచ్చేవారు కాదు, చదివిన చోటనే చింపేసేవారు. మిగిలినవి పసుపు అంటినవే. తాతల చరిత్ర వెతకబోయే మనవలకు ముందే తెలియాల్సింది ఇదే: ఆ పెట్టెలో ఉన్నది సగం కథ.

ఆ సగమైనా రాతలో పూర్తిగా దొరకదు. కార్డు నలుగురి కంటా పడేది, పోస్టుమ్యానే చదివి వినిపించిన ఇళ్లూ ఉన్నాయి. అప్పులూ అలకలూ అందులో ఎవరు రాస్తారు? 1944లో ఆంధ్ర మహాసభ భువనగిరిలోనే జరిగింది. ఆ ఏటి కార్డులో దాని ఊసు లేకపోతే ఆశ్చర్యపోవద్దు. పైగా దస్తూరీ చదువొచ్చిన పొరుగాయనది కావచ్చు.

కార్డు ఏనాటిదో తేలాలంటే దాన్ని తిప్పండి. బ్రిటిష్ ఇండియాలో కాలణా కార్డు 1879 జూలై 1న వచ్చింది. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది, 1950లో అది భారత తపాలాలో కలిసింది. కాబట్టి నిజాం ముద్ర ఉన్న కార్డు అంతకు ముందుది. ధర ‘నయా పైసల్లో’ ఉంటే అచ్చయింది 1957–64 మధ్య. 508116 అని పిన్‌కోడు ఉంటే రాసింది 1972 ఆగస్టు 15 తర్వాతే. ‘తాలూకా’ అన్న మాటను మాత్రం గట్టిగా నమ్మకండి. 1985లో మండలాలు వచ్చాక కూడా అలవాటు కొద్దీ అలాగే రాసినవాళ్లున్నారు.

పేరు, ఊరు తేలాక భూమి ఉన్న కుటుంబమైతే 1954–55 నాటి భూమి రికార్డు, ఖాస్రా పహాణీ చూడాలి. అంతకు ముందు రికార్డులు ఉర్దూలో, ఫసలీ ఏళ్లలో ఉంటాయి. 590 కలుపుకుంటే క్రీస్తుశకం వస్తుంది. భూమి లేని మగ్గం ఇంటికి పహాణీ అక్కరకు రాదు. పద్మశాలీలైతే పటం పరిచి మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారిని గోత్రం, వంశం అడగాలి.

ఆడవాళ్ల పేర్లు పహాణీలోనూ తక్కువే. కార్డు చివర ‘ఫలానా అమ్మాయికి దీవెనలు’ అన్న వరుస ఉందే, నా లెక్కన అన్నిటికంటే విలువైనది అదే. పేరుకు పేరు రాస్తారు అక్కడ, చంటిపిల్ల దాకా.

ఇక పోయినవాళ్లు. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని చెప్పే పేర్లు రాసుకోండి. చింపేసిన కార్డుల్లోని మనుషులు అక్కడ వినిపిస్తారు. దీవెనల వరుసలో ఉండి అక్కడ వినపడని ఆడపిల్ల గురించి అడగాల్సింది ఆమె మెట్టినింటి ఊళ్లో.