అడిస్ అబాబా: అపోహలు – వాస్తవాలు

ఇథియోపియా రాజధాని ఏదంటే బడిపిల్లలు కూడా టక్కున అడిస్ అబాబా అంటారు. ఆఫ్రికా దేశాలకు వెళ్లే తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడి బోలే విమానాశ్రయంలో విమానం మారుతుంటారు. అయినా ఆ ఊరి గురించి మనకున్న అభిప్రాయాల్లో ఎక్కువ భాగం సినిమాల నుంచి, 1984–85 నాటి కరవు ఫొటోల నుంచి వచ్చినవే.

అపోహ: ఆఫ్రికా కదా, ఎండలు మండిపోతాయి.

వాస్తవం: అడిస్ అబాబా సముద్రమట్టానికి సుమారు 2,350 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ కన్నా ఎత్తు! పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. నవంబరు, డిసెంబరు రాత్రుల్లో చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది.

ఊరికి ఉత్తరాన ఎంటోటో కొండల మీద నీలగిరి చెట్లు ఏపుగా కనిపిస్తాయి. అవి అక్కడి చెట్లు కావు, ఆస్ట్రేలియావి. చుట్టుపక్కల అడవి వంటచెరకుకే హరించుకుపోయి, రాజధానినే మార్చాలన్న ఆలోచన వచ్చిన రోజుల్లో త్వరగా పెరుగుతాయని వాటిని తెప్పించి నాటించారు.

అపోహ: తెల్లదొరలు కట్టిన నగరం.

వాస్తవం: 1886లో దీన్ని నెలకొల్పింది అక్కడి రాజు మెనెలిక్, ఆయన భార్య తైతు. కొండ మీది చలి విడిదిని వదిలి, కింద వేడినీటి ఊటలున్న చోట ఇల్లు కట్టించుకోవాలన్నది తైతు ముచ్చట. ఆ తర్వాత పదేళ్లకు, 1896లో అద్వా యుద్ధంలో ఇటలీ సేనను మెనెలిక్ చిత్తుగా ఓడించాడు.

అలాగని పరాయి సైన్యం ఎన్నడూ అడుగుపెట్టలేదనుకోవడమూ పొరపాటే. 1936 నుంచి 1941 దాకా నగరం ఇటలీ ఆక్రమణలో ఉంది. 1937 ఫిబ్రవరిలో ఇటలీ వైస్రాయ్ గ్రాజియానీ మీద హత్యాయత్నం జరిగితే, ప్రతీకారంగా మూడు రోజుల్లో వేలమంది పౌరులను చంపేశారు. సిదిస్త్ కీలో కూడలిలోని స్తంభం వారి స్మారకమే. ఇప్పుడు పర్యాటకులు తప్పక చూసే మెర్కాటో బజారు కూడా ఆ పాలన గుర్తే: తెల్లవాళ్ల పేటకు దూరంగా ఉంచాలని స్థానికుల సంతను అక్కడికి తరలించారు.

అడిస్ అబాబాలోనే 1963 మే 25న ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది. దాని వారసురాలైన ఆఫ్రికన్ యూనియన్ ప్రధాన కార్యాలయమూ ఈ నగరంలోనే ఉంది.

అపోహ: శాకాహారులు పస్తుండాల్సిందే.

వాస్తవం: ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ, ఈస్టరుకు ముందు వారాల తరబడీ ఉపవాస నియమం పాటిస్తారు. ఆ రోజుల్లో మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి ముట్టరు. అందుకే హోటళ్లలో 'బెయాయ్‌నెతు' అడిగితే పెద్ద ఇంజెరా మీద ఎర్రపప్పు కూర, శనగపిండితో చేసే షిరో, క్యాబేజీ, ఆకుకూర కుప్పలుగా వడ్డిస్తారు.

ఇంజెరా మన అట్టుకు దగ్గర చుట్టం. టెఫ్ అనే సన్నని గింజల పిండిని కలిపి రెండు మూడు రోజులు పులియనిస్తారు. 'మితాద్' అనే వెడల్పాటి పెనం మీద బయటి అంచు నుంచి లోపలికి చుట్టలుగా పోసి మూత పెడతారు. తిరగెయ్యరు, ఒకవైపే కాలుతుంది. పైన చిల్లులు ఎంత దట్టంగా పడితే అంత బాగా కుదిరినట్టు.

అపోహ: గడియారం ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: అక్కడివాళ్లకు రోజు అర్ధరాత్రి కాదు, తెల్లవారితే మొదలవుతుంది. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. ఏడాదికి పదమూడు నెలలు: పన్నెండింటికి ముప్పై రోజుల చొప్పున, చివరిదానికి అయిదో ఆరో. సెప్టెంబరు 11న కొత్త సంవత్సరం. లీపు సంవత్సరానికి ముందు ఏడాదిలో మాత్రం 12న. సంవత్సరాల లెక్కలో మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనక ఉంటారు.

విమానం టికెట్ల మీద మాత్రం మనకు తెలిసిన సమయమే ఉంటుంది. ట్యాక్సీ డ్రైవరు "రెండింటికి వస్తా" అంటే ఏ లెక్కనో అడిగి తెలుసుకోండి. ఆయన ఉద్దేశం పొద్దున ఎనిమిది కావచ్చు.