500 టార్క్‌కి ఎన్ని గేర్లు కావాలి?

'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' చూసినవాళ్లకి ఓ డౌట్ వచ్చే ఉంటుంది. హీరో అన్నిసార్లు గేర్ మారుస్తాడు కదా, అసలు ఆ కారులో అన్ని గేర్లు ఎక్కడున్నాయి? ఆ నల్ల డాడ్జ్ చార్జర్ 1970 మోడల్. ఆ ఏడాది ఫ్యాక్టరీ నుంచి మాన్యువల్‌తో వచ్చిన చార్జర్‌లో ముందుకెళ్లే గేర్లు మహా అయితే నాలుగు. నాలుగోది డైరెక్ట్ గేర్, అంటే ఇంజిన్ ఒక చుట్టు తిరిగితే వెనక షాఫ్ట్ కూడా ఒక చుట్టే. హైవే మీద ఆ పైన వేయడానికి ఇంకేమీ మిగలదు.

అమెరికాలో ఉన్న మా కాలేజీ సీనియర్ ఒకాయన 1970 షెవ్రొలే షెవెల్ కొన్నాడు. 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, అంటే 7.4 లీటర్లు. టార్క్ 500 పౌండ్-ఫీట్, మన లెక్కలో 678 ఎన్‌ఎం. క్లాసిక్ 350 బండి ఇచ్చేది 27 ఎన్‌ఎం. పాతిక బుల్లెట్లు కట్టగట్టి లాగినట్టు! (ఒక చిన్న గమనిక: అప్పటి అంకెలు గ్రాస్ లెక్కలు. ఎయిర్ క్లీనర్, పూర్తి ఎగ్జాస్ట్ లాంటివి తగిలించకుండా బెంచ్ మీద కొలిచేవారు. కాబట్టి కొంచెం తగ్గించి చదువుకోండి.)

ఆయన వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న ఒక్కటే. "తమ్ముడూ, ఆరువందలదా, ఏడువందలదా?"

అంటే కొత్త గేర్‌బాక్స్ ఎంత టార్క్ తట్టుకునేది కొనాలి అని. ట్రెమెక్ కంపెనీ ఐదు గేర్ల టీకేఎక్స్‌కి 600 పౌండ్-ఫీట్, ఆరు గేర్ల మ్యాగ్నమ్‌కి 700 అని చెబుతుంది. ఫోన్ కొనేటప్పుడు ర్యామ్ చూసినట్టు అందరూ ముందు ఈ అంకే చూస్తారు. నేను మాత్రం, "అన్నా, ముందు వెనక యాక్సిల్ రేషియో ఎంతో చెప్పు" అన్నాను.

టైరే ఫ్యూజు

ఆ షెవెల్‌లో ఉన్నది మన్సీ ఎం22. ఇండియానా రాష్ట్రంలోని మన్సీ ఊరి పేరే ఆ బాక్సుకి. 'రాక్ క్రషర్' అని ముద్దుపేరు. పళ్లను తక్కువ ఏటవాలుతో కోయడం వల్ల బలం పెరిగింది, దాంతోపాటే మోత కూడా. కంకర క్రషర్ పక్కన ఇల్లున్నవాళ్లకి ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల్లో ఇంత టార్క్‌ని ఆ బాక్స్ ఎలా తట్టుకుంది? సగం క్రెడిట్ టైర్లది. రఫ్‌గా లెక్కేద్దాం. గట్టిగా లాగినప్పుడు వెనక చక్రాల మీద 950 కిలోల బరువు పడిందనుకోండి. పాత టైరు పట్టు 0.8, చక్రం వ్యాసార్థం 0.33 మీటర్లు. చక్రాల దగ్గర సుమారు 2,450 ఎన్‌ఎం దాటగానే టైరు జారిపోతుంది. ఫస్ట్ గేర్ 2.20, యాక్సిల్ 3.73 అయితే మొత్తం గుణకం 8.2. భాగిస్తే గేర్‌బాక్స్‌లోకి వెళ్లేది 300 ఎన్‌ఎం. ఇంజిన్ దగ్గర 678 ఉన్నా సరే, అంతకు మించి లోపలికి పోదు. మిగతాదంతా పొగ!

అంటే టైరు ఫ్యూజులా పనిచేసింది. ఇప్పుడు అదే కారుకి డ్రాగ్ రేసుల టైర్లు వేసి పట్టు 1.5కి పెంచితే, ఆ 300 కాస్తా 560 అవుతుంది. టైరు పట్టుకుంటూ వదిలేస్తూ ఎగిరితే పడే దెబ్బలు అదనం. పళ్లు విరిగేది అలాంటప్పుడే. అందుకే రేటింగ్ చూసేముందు ఏ టైర్లు వేస్తారో, రేస్ స్ట్రిప్‌కి వెళ్తారో లేదో తేల్చుకోవాలి. రోడ్డు టైర్లతో వీకెండ్ తిరిగే కారుకి 600 ధారాళంగా సరిపోతుంది.

అసలు లెక్క ఇక్కడ

టార్క్ తక్కువున్న ఇంజిన్‌కి ఫస్ట్ గేర్ అంకె పెద్దది కావాలి, లేకపోతే కారు కదలదు. 454కి ఆ బాధ లేదు. ఐడిల్ దాటగానే లాగేస్తుంది. టీకేఎక్స్‌లో 3.27 ఫస్ట్ గేర్‌ది కూడా దొరుకుతుంది. 3.73 యాక్సిల్‌తో గుణిస్తే 12.2. సిగ్నల్ దగ్గర కాలు కదిపేలోపే సెకండ్ వేయాలి, వేసేవరకు టైర్లు గింగిరాలు. 2.87 తీసుకుంటే 10.7. నా ఓటు దీనికే. ఇంత టార్క్ ఉన్న రోడ్డు కారుకి ఈ గుణకం పది దగ్గర్లో ఉంటే హాయి.

ఇక టాప్ గేర్. 26 అంగుళాల టైరు, 3.73 యాక్సిల్, డైరెక్ట్ ఫోర్త్‌లో గంటకి 112 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఇంజిన్ సుమారు 3,360 ఆర్‌పీఎం తిరుగుతుంది. రెండు గంటలు అలా వెళ్లి దిగితే చెవుల్లో ఇంకా ఆ మోతే ఉంటుంది. పెట్రోల్ సంగతి అడక్కండి. 0.68 ఓవర్‌డ్రైవ్ ఉంటే అదే వేగానికి 2,300 లోపే. కారు స్వభావమే మారిపోతుంది.

మరి ఆరో గేర్ 0.50 ఉన్న మ్యాగ్నమ్ ఇంకా మంచిది కదా? కాగితం మీద అవును. 3.73 యాక్సిల్‌తో 1,700 దగ్గర తిరుగుతుంది. అదే 3.31 యాక్సిల్ ఉంటే 1,500కి పడిపోతుంది. పెద్ద క్యామ్ వేసిన ఇంజిన్ అక్కడ దగ్గుతూ వణుకుతుంది. డబ్బిచ్చి కొన్న గేర్‌ని వాడకుండా ఐదులోనే తిరగాల్సి వస్తుంది. అదే మ్యాగ్నమ్‌లో 0.63 ఆరో గేర్ రకం కూడా ఉంది, అలాంటి కారుకి అదే నయం.

ఇంకో గొడవ సైజుది. మ్యాగ్నమ్ పెట్టాలంటే చాలా పాత కార్లలో ఫ్లోర్ మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్‌ని కోయక తప్పదు. టీకేఎక్స్‌ని పాత కార్లలో ఇమిడేలా డిజైన్ చేశారు కాబట్టి కోత తక్కువ, కొన్నిట్లో అసలు ఉండదు. యాభై ఏళ్లు దాటిన ఒరిజినల్ ఫ్లోర్‌ని ఒకసారి కోస్తే మళ్లీ రాదు. సీనియర్ మనసు మారింది ఇక్కడే. ఆయన కారులో ఇంజిన్, బాక్స్ రెండూ పుట్టుకతో వచ్చినవే. 1968 నుంచి జనరల్ మోటార్స్ కారు నంబర్‌లో కొంత భాగాన్ని గేర్‌బాక్స్ మీద కూడా కొట్టేది. ఆ నంబర్ కలిసిందంటే అమ్మకం ధరలో తేడా గట్టిగానే ఉంటుంది.

దాంతో 2.87 ఫస్ట్, 0.68 ఫిఫ్త్ ఉన్న టీకేఎక్స్ ఖాయమైంది. మన్సీని నంబర్ ఫొటో తీసి, నూనె పట్టించి, చెక్కపెట్టెలో పెట్టి గ్యారేజ్ మూలన ఉంచాడు. బిల్లు మాత్రం బాక్సుతో ఆగలేదు. క్లచ్, కింద పట్టే క్రాస్‌మెంబర్, కొలతకి చేయించిన డ్రైవ్ షాఫ్ట్, అన్నీ కలిపి తడిసి మోపెడైంది.

బిగించే రోజు నేను వీడియో కాల్‌లో ఉన్నా. మెకానిక్ బాక్స్ ఎక్కించేయబోతుంటే ఆపించి, ముందు బెల్‌హౌసింగ్‌కి డయల్ గేజ్ పెట్టించాం. ఇంజిన్ మధ్యకీ బాక్స్ మధ్యకీ తేడా గేజ్ మీద 0.005 అంగుళం దాటకూడదు. దాటితే 700 రేటింగ్ ఉన్నదైనా బేరింగులు త్వరగానే పోతాయి, గేర్లు బిగుసుకుంటాయి. ఆయనది 0.011 చూపించింది. ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు తెప్పించి సరిచేసేసరికి ఇంకో వారం పట్టింది.