ఒకే పెరట్లో పిల్లలు, పెట్టలు: వేర్వేరు వయసుల కోళ్లకు మేత, యాజమాన్యం

వాణిజ్య కోళ్ల ఫారంలో ఒక షెడ్డులోని కోళ్లన్నీ ఒకే వయసువి. అవి కలిసి వస్తాయి, కలిసి వెళ్తాయి. తరువాతి విడత వచ్చేలోగా షెడ్డును కడిగి కొన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు. మన దాణా సూత్రాలు, టీకాల పట్టికలు చాలావరకు ఈ పద్ధతిని దృష్టిలో ఉంచుకొని తయారైనవే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పెరళ్లలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అక్కడ పది పిల్లలను వెంటబెట్టుకున్న తల్లికోడి, జుట్టు ఎర్రబడుతున్న కన్నెపెట్టలు, గుడ్లు పెడుతున్న పెట్టలు, రెండేళ్లు దాటిన పుంజు ఒకేచోట తిరుగుతాయి. పెరడు ఎన్నడూ ఖాళీ కాదు. ఉదయం, సాయంత్రం దోసెడు గింజలు ఒకేచోట చల్లితే బలమున్న కోడి తింటుంది, లేనిది చూస్తూ నిలబడుతుంది.

ఈ చిన్న మందలను తేలికగా తీసుకోవడానికి వీలులేదు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్ల సంఖ్య సుమారు 31.7 కోట్లు. 2012 నాటి గణనతో పోలిస్తే ఇది 46 శాతం అధికం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. వేరుశనగ చేతికి రాని ఏడాది ఇంట్లో చిల్లర ఖర్చులకు ఆధారమయ్యేవాటిలో గుడ్లు, పుంజులు ఉన్నాయి. ఆ సొమ్ము ఎక్కువగా ఇల్లాలి చేతికే వస్తుంది. పదిహేను పిల్లలు దిగితే ఐదారు మాత్రమే మిగలడం, పెట్టలు తోలుగుడ్లు పెట్టడం పెరటి కోళ్లకు సహజమేనని సరిపెట్టుకోవడం మన పల్లెల్లో అలవాటైంది. గద్ద, ముంగిస, పిల్లి వాటా ఈ నష్టంలో ఉన్నమాట నిజమే. అయితే వయసు తేడాను గుర్తించకుండా ఒకే మేత, ఒకే గూడు, ఒకే నీటి పాత్ర అందరికీ పెట్టడం వల్ల జరిగే నష్టం అంతకన్నా తక్కువేమీ కాదు. దీనిని సరిదిద్దడానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు.

కాల్షియం దగ్గరే చిక్కు

ఆరు వారాలలోపు పిల్లల మేతలో సుమారు 20 శాతం మాంసకృత్తులు, 1 శాతం కాల్షియం ఉండాలి. ఎదిగే కోళ్లకు 16 శాతం మాంసకృత్తులు చాలు. కాల్షియం మాత్రం 1 శాతమే. గుడ్లు పెట్టే పెట్టలకు మాంసకృత్తులు 16 నుండి 18 శాతం, కాల్షియం 3 నుండి 3.5 శాతం అవసరం. మాంసకృత్తుల్లో తేడా స్వల్పం. పిల్ల కాస్త తక్కువ తింటే పెరుగుదల నెమ్మదిస్తుంది, పెట్ట కాస్త ఎక్కువ తింటే డబ్బు వృథా అవుతుంది. కాల్షియం విషయం అలా కాదు. బజారులో దొరికే లేయర్ దాణాను పిల్లలు వారాల తరబడి తింటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. చనిపోయిన పిల్లను కోసి చూస్తే గుండె, కాలేయంపై సుద్దపొడి చల్లినట్లు యూరిక్ ఆమ్లం పేరుకొని కనిపిస్తుంది. దీనినే గౌట్ అంటారు. పోనీ, అందరికీ పిల్లల దాణా వేద్దామంటే పెట్ట తన ఎముకల్లోని కాల్షియాన్ని కరిగించి గుడ్డు పెంకు కడుతుంది. కొంతకాలానికి పెంకు పలచబడుతుంది, ఆపై తోలుగుడ్లు మొదలవుతాయి, చివరకు పెట్ట కాళ్లమీద నిలబడలేకపోతుంది.

పిల్లల దాణాలో మరొక చిక్కు కూడా ఉంది. కొన్ని స్టార్టర్ దాణాల్లో రక్తపారుడు రాకుండా కాక్సీడియా నివారణ మందులు కలుపుతారు. ఆ మందుల్లో కొన్ని గుడ్డులోకి చేరతాయి. నికార్బజిన్ వంటిది పెట్టలకు పడితే గోధుమరంగు పెంకు వెలిసిపోతుంది, పొదిగిన గుడ్లలో పిల్లలు దిగే శాతం తగ్గుతుంది. దాణా సంచిపై ఉన్న చీటీ చదివించుకున్న తరువాతే కొనడం మేలు.

ఈ ప్రాంతంలో రాగులు విరివిగా పండుతాయి, రాగుల్లో సున్నపు ధాతువు ఎక్కువన్నది అందరికీ తెలిసిన విషయమే. అందుకే రాగులు వేసే ఇంట్లో పెట్టలకు వేరే కాల్షియం అక్కరలేదన్న నమ్మకం బలంగా ఉంది. లెక్క వేసి చూద్దాం. నాటుకోడి గుడ్డు 40 నుండి 45 గ్రాములుంటే అందులో పెంకు బరువు 4 గ్రాములు, ఆ పెంకులో కాల్షియం ఒకటిన్నర గ్రాములు. నూరు గ్రాముల రాగుల్లో ఉండే కాల్షియం సుమారు 0.34 గ్రాములు. పెట్ట 50 గ్రాముల రాగులు తిన్నా దొరికేది 0.17 గ్రాములు, అంటే అవసరంలో తొమ్మిదో వంతు. అందులోనూ సగమే ఒంటబడుతుంది. మనిషికి రాగి సంగటి మంచి కాల్షియం ఆహారమే. మనం రోజుకో పెంకు తయారు చేయనవసరం లేదు కదా!

కనుక పరిష్కారం మేతలో వెతకకూడదు. అన్ని వయసులకూ కాల్షియం తక్కువగా ఉన్న ఒకే మేత వేసి, పెట్టలకు కావలసిన కాల్షియాన్ని విడిగా ఒక మూకుడులో పెట్టాలి. గోధుమ గింజంత సైజులో కొట్టిన గవ్వలు, చెరువు నత్తగుల్లలు, సున్నపురాయి నలుసులు ఇందుకు పనికివస్తాయి. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, నలగ్గొట్టి వేయవచ్చు. పచ్చి పెంకులు వేస్తే కోళ్లు గుడ్లు పొడిచి తినడం నేర్చుకుంటాయి. తాంబూలపు సున్నం, గోడల సున్నం వాడరాదు. అవి నోటిని, అన్నవాహికను కాలుస్తాయి. గుడ్లు పెట్టే పెట్ట తనకు కావలసినంత ఏరుకుంటుంది. పిల్లలు ఒకటి రెండుసార్లు పొడిచి వదిలేస్తాయి. మూకుడును పెట్టల వీపు ఎత్తున కట్టితే ఆ అనుమానం కూడా ఉండదు.

పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది. అందులో అధిక భాగం రాత్రివేళ, పెట్ట ఏమీ తినని సమయంలో జరుగుతుంది. పొడిగా ఉన్న సున్నం సాయంత్రానికే జీర్ణాశయం దాటిపోతుంది. నలుసులు మాత్రం కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొద్దికొద్దిగా కరుగుతాయి. అందుకే మూకుడును మధ్యాహ్నం తరువాత నింపడం ఉత్తమం. కన్నెపెట్టల జుట్టు ఎర్రబడినప్పటి నుంచే ఇది వాటికి అందాలి. తొలిగుడ్డుకు రెండు వారాల ముందే పెట్ట ఎముకల లోపల కాల్షియం నిల్వ చేసుకోవడం ప్రారంభిస్తుంది.

ఇక్కడ దొరికే వస్తువులతో మేత

ధర్మవరం వైపు వేరుశనగ, హిందూపురం వైపు రాగి, మొక్కజొన్న, మల్బరీ. వీటికి తోడు ఈ మూడు పట్టణాల చుట్టూ మరెక్కడా అంత తేలికగా దొరకని వస్తువు ఒకటుంది: పట్టు తీసిన తరువాత మిగిలే ప్యూపా. హిందూపురంలోని పట్టుగూళ్ల మార్కెట్ వల్ల, పరిసరాల్లోని రీలింగ్ కేంద్రాల వల్ల ఇది అందుబాటులో ఉంటుంది. ఎండిన ప్యూపాలో మాంసకృత్తులు 50 శాతానికి మించి ఉంటాయి. వేరుశనగ చెక్కలో 40 శాతానికి పైగా మాంసకృత్తులున్నా మిథియోనిన్, లైసిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు తక్కువ. ప్యూపాలో ఆ రెండూ పుష్కలం. కనుక ఈ రెండింటి జోడీ ఒకదాని లోటును ఒకటి పూడుస్తుంది.

పది కిలోల మేతకు మొక్కజొన్న నూక నాలుగున్నర కిలోలు, కొర్ర లేదా సజ్జ రెండు కిలోలు, వరి తవుడు ఒక కిలో, వేరుశనగ చెక్క ఒకటిన్నర కిలో, ఎండిన ప్యూపా పొడి 700 గ్రాములు, ఖనిజలవణ మిశ్రమం 250 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు, విటమిన్ మిశ్రమం 20 గ్రాములు కలిపితే మాంసకృత్తులు సుమారు 17 శాతం, కాల్షియం 1 శాతంలోపు వస్తాయి. మందలోని అందరికీ ఇది సరిపోయే ఆధార మేత. బయట తిరిగి పురుగులు, గడ్డి, రాలిన గింజలు తినే పెద్ద కోడికి రోజుకు 30 నుండి 50 గ్రాములు చాలు. ధర్మవరం వంటి పట్టణాల ఇరుకు పెరళ్లలో తిరిగే జాగా తక్కువ కాబట్టి అంతకు రెట్టింపు వేయవలసి రావచ్చు. వనరాజా, గ్రామప్రియ వంటి మెరుగైన రకాలకు మేత విషయంలో నాటుకోళ్లకన్నా ఎక్కువ శ్రద్ధ కావాలి. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన ఈ కోళ్లు పెరటి బతుకుకు తట్టుకున్నా, ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టకు ఎక్కువ మేత కావడం సహజం.

ప్యూపా వాడకంలో రెండు జాగ్రత్తలు ముఖ్యం. పచ్చి ప్యూపా ఒకటి రెండు రోజుల్లోనే కుళ్లుతుంది. తెచ్చిన రోజునే పలచగా పరచి, వేళ్ల మధ్య నలిపితే విరిగేంత వరకు ఎండబెట్టాలి. ఎండినదానిలో కూడా కొవ్వు పాలు అధికం కాబట్టి రెండు మూడు వారాలకు మించి నిల్వ చేస్తే ముక్కిపోతుంది. మోతాదు మించితే గుడ్డుకు, మాంసానికి నీచువాసన అంటుతుంది. రెండో జాగ్రత్త పట్టుపురుగులు పెంచే ఇళ్లకు. గ్రాసరీ, పెబ్రిన్ సోకిన పురుగులను తట్టల నుంచి ఏరి కోళ్లకు వేయడం కనిపిస్తుంది. కోడికి వాటివల్ల హాని లేదు. కానీ ఆ రోగకారకాలు కోడి పేగుల్లో చావకుండా రెట్టతో బయటపడి, మల్బరీ తోటకు, పెంపకపు గదికి తిరిగి చేరతాయి. రోగం సోకిన పురుగులను కాల్చడమో, సున్నం చల్లి పూడ్చడమో చేయాలి.

వేరుశనగ గురించి ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. పంట చివరి దశలో బెట్టకు గురైన కాయలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. కారణం వెతికితే అది బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న వేరుశనగ పిండిగా తేలింది. ఈ విషం లోకానికి తెలిసింది అప్పుడే. మన ఇళ్లలో జరిగేదేమిటి? మంచి గింజను అమ్మకానికి, వంటకు ఏరి, ముడుచుకున్నవీ రంగు మారినవీ కోళ్లకు వేస్తాం. విషం పోగయ్యేది సరిగ్గా ఆ గింజల్లోనే. గానుగ ఆడించినా అది నూనెలోకన్నా చెక్కలోనే ఎక్కువగా మిగులుతుంది. ఎండబెట్టినా, ఉడికించినా పూర్తిగా పోదు. పెద్ద కోడి కొంత తట్టుకుంటుంది. పిల్లకు మాత్రం కాలేయం దెబ్బతింటుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, వేసిన టీకా పట్టదు. 'టీకా వేయించినా కొక్కెర వచ్చింది' అన్న ఫిర్యాదు వెనుక ఒక్కొక్కసారి ఈ ఏరివేత గింజలే ఉంటాయి. బూజు వాసన వేసే చెక్కను ఏ వయసు కోడికీ వేయకూడదు.

పిల్లల గంప

ఆధార మేతతో పాటు ఆరు వారాలలోపు పిల్లలకు అదనపు మాంసకృత్తులు అందాలి. దీనికి ఇంట్లో ఉన్న కోళ్ల గంప చాలు. దానిని బోర్లించి, మూడు రాళ్లపై మూడు నాలుగు వేళ్ల ఎత్తున నిలిపి, లోపల పిల్లల మేత పెట్టాలి. పిల్లలు దూరతాయి, పెద్దవి దూరలేవు. గంప కింద ఆధార మేతకే మరికొంత ప్యూపా పొడి, ఉడికించిన గుడ్డు ముక్కలు కలిపి పెట్టవచ్చు. పిల్ల ఎదిగి గంప కింద పట్టని నాటికి దానికి ఆ ప్రత్యేక మేత అవసరం కూడా తీరిపోతుంది. నీటి పాత్రలో గులకరాళ్లు వేస్తే పిల్లలు మునిగి చావవు. ఎండాకాలంలో నీళ్లు రెండు మూడు చోట్ల నీడన ఉండాలి. మేత మాత్రం చల్లపొద్దునే.

పెద్ద కోళ్లు చూడడానికి ఆరోగ్యంగానే ఉంటాయి. రక్తపారుడు కలిగించే కాక్సీడియా వాటి పేగుల్లో ఉండి రెట్టతో బయటకు వస్తుంటుంది. తడినేలలో అది ఒకటి రెండు రోజుల్లోనే రోగం కలిగించే స్థితికి చేరుతుంది. మూడు నుండి ఆరు వారాల పిల్లలు దీనికి ఎక్కువగా బలవుతాయి. పెద్దవి రాత్రిళ్లు కూర్చునే కర్రల కింద పిల్లలను పడుకోబెట్టకపోవడం, గంప స్థలాన్ని రెండు మూడు రోజులకొకసారి మార్చడం, నీళ్లు ఒలికిన చోట బూడిదో పొడి ఊకో చల్లడం మందులకన్నా ముందు చేయవలసిన పనులు. మేత, నీళ్లు పెట్టేటప్పుడు, గూడు ఊడ్చేటప్పుడు ముందు పిల్లల దగ్గర మొదలుపెట్టి పెద్దవాటితో ముగించాలి. సంతలో కొన్న కోడిని కనీసం మూడు వారాలు విడిగా ఉంచాలి.

టీకాల విషయంలో ఊళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. టీకా వేసే మనిషి వచ్చిన రోజున చేతికి దొరికిన ప్రతి కోడికీ ఒకే సూది వేయిస్తారు. కొక్కెర తెగులుకు ఇచ్చే లసోటా టీకా అన్ని వయసులకూ వేయవచ్చు. ఆర్‌టుబి సూది మాత్రం ఎనిమిది వారాలు నిండిన కోళ్లకే. చిన్నపిల్లలకు వేస్తే అదే రోగమై కూర్చుంటుంది. గుడ్లు పెడుతున్న పెట్టలకు వేస్తే గుడ్లు తగ్గుతాయి. లసోటాను నీళ్లలో ఇచ్చేటప్పుడు కుళాయి నీళ్లు వాడరాదు, వాటిలోని క్లోరిన్ టీకాను చంపుతుంది. బావినీళ్లలో లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, కోళ్లను గంటసేపు దప్పిక మీద ఉంచిన తరువాత ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా పెరట్లో ఆరు వయసుల కోళ్లుంటే పని తెమలదు. వయసుల సంఖ్యనే తగ్గించుకోవడం తెలివైన పద్ధతి. పొదుగుకు వచ్చిన రెండు మూడు పెట్టలకు ఒకే రోజున గుడ్లు పెడితే 21 రోజులకు పిల్లలన్నీ కలిసి దిగుతాయి. గంప ఒకటే, టీకా రోజు ఒకటే. అందుకోసం గుడ్లను వారం రోజుల వరకు చల్లనిచోట, తడి ఇసుకపై పెట్టిన కుండలో నిల్వ ఉంచవచ్చు. అంతకు మించితే పిల్లలు దిగడం తగ్గుతుంది. వర్షాలు తగ్గిన తరువాత ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి పొదిగిస్తే ఏడాదికి రెండే విడతలు. రెండో విడత పిల్లలు ఏప్రిల్ ఎండలు ముదిరేనాటికి ఈకలు తొడిగి, నీడ వెతుక్కోగల వయసుకు వచ్చి ఉంటాయి.