పాఠం 7 : ఇంట్లో వెలుతురు, నడక దారి

పట్టపగలు కూడా మీ వంటగదిలో లైటు వేసుకోవలసి వస్తోందా? వస్తే, గోడలు పగలగొట్టకుండానే ఆ లోపాన్ని చాలావరకు సరిదిద్దవచ్చు. ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

7.1 ఒక ఉదాహరణ

జంషెడ్‌పూర్‌లోని సాక్చి నుంచి సువర్ణరేఖ నది వంతెన దాటితే మాంగో వస్తుంది. అక్కడ రెండో అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉంటోందనుకుందాం. వారి హాలు పొడవు 16 అడుగులు, వెడల్పు 10 అడుగులు. పడమటి చివర 4 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉన్న ఒకే కిటికీ ఉంది. దానికి సగం అడ్డంగా బీరువా పెట్టారు. హాలు మధ్యలో సోఫా ఉంది. ఇంట్లోని నాయనమ్మ రాత్రిపూట స్నానాలగదికి వెళ్ళాలంటే చీకట్లో సోఫాను చుట్టి నడవాలి. కాలు తగిలి పడితే తుంటి ఎముక విరగవచ్చు.

7.2 వెలుతురు

కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, సుమారు దానికి రెండింతల దూరం వరకే పగటి వెలుతురు బాగా చేరుతుంది. ఇక్కడ పైఅంచు 7 అడుగుల ఎత్తున ఉంది. అంటే వెలుతురు 14 అడుగుల వరకు రావాలి. బీరువా అందులో సగం ఆపేస్తోంది. కాబట్టి ముందుగా బీరువాను కిటికీ లేని గోడకు మార్చాలి. గోడలకు, పైకప్పుకు తెల్లసున్నం గాని లేత రంగు గాని వేస్తే వెలుతురు ప్రతిఫలించి లోపలి మూలకు చేరుతుంది.

మాంగో కర్కటరేఖకు కొంచెం దక్షిణంగా ఉంది. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అందువల్ల దక్షిణపు కిటికీకి చిన్న సన్‌షేడ్ చాలు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వస్తుంది కనుక పడమటి కిటికీకి అది చాలదు. దానికి బయటివైపు వెదురు తెర కట్టండి. లోపలి పరదా వేడిని గదిలోకి వచ్చాక మాత్రమే ఆపుతుంది.

7.3 గాలి

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం, తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు ఉండాలి. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు చాలు. మన హాలు 160 చదరపు అడుగులు, కిటికీ 16. అంటే సరిగ్గా పదో వంతు. పక్కకు జరిపే రెండు తలుపుల కిటికీ అయితే సగమే తెరుచుకుంటుంది. గాలి వచ్చే దారి ఒకటే ఉంటే చాలదు, పోయే దారి కూడా ఉండాలి. వంటగది వెంటిలేటరును, మధ్య తలుపును తెరిచి ఉంచండి.

7.4 నడక దారి

గళ్ళ కాగితంపై ఒక గడిని ఒక అడుగుగా తీసుకుని మీ ఇంటి పటం గీయండి. గుమ్మం నుంచి వంటగదికి, పడకగది నుంచి స్నానాలగదికి గీతలు గీయండి. ఆ గీతల మీద ఏ సామానూ ఉండకూడదు. దారి 3 అడుగుల వెడల్పు ఉండాలి. మన ఉదాహరణలో సోఫాను పొడవాటి గోడకు ఆనిస్తే నాయనమ్మకు తిన్నని దారి ఏర్పడుతుంది.

జాగ్రత్త : స్తంభాలను, దూలాలను ఎన్నడూ తొలచవద్దు. కొన్ని భవనాల్లో ఇటుక గోడే పై అంతస్తుల బరువు మోస్తుంది. “ఇది వట్టి అడ్డుగోడే” అని మేస్త్రీ చెప్పినా, ఇంజనీరుకు చూపించకుండా పగలగొట్టవద్దు. మీ పై అంతస్తుల్లో ఉన్నవారి ప్రాణాలు కూడా ఆ గోడపై ఆధారపడి ఉండవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 120 చదరపు అడుగుల గదికి ఆరో వంతు చొప్పున ఎంత కిటికీ కావాలి?
2. పడమటి కిటికీకి తెర ఏ వైపు కట్టాలి? ఎందుకు?

జవాబులు : 1. 20 చదరపు అడుగులు. 2. బయటివైపు; వేడి గదిలోకి రాకముందే ఆగుతుంది.