ఫ్యూజు లేని గొట్టం

పోయిన దసరాకు మా అక్క కొడుకు దుబాయి నుంచి సెలవు మీద షోలాపూరు వచ్చాడు. సంచి సర్దుతుంటే ఇత్తడి గొట్టం ఒకటి జారి కింద పడింది. కండె కంటె కొంచెం లావు, జానెడు కంటె తక్కువ పొడుగు. బీడీలు చుడుతున్న మా అక్క దాన్ని చేతికి తీసుకొని, "టార్చి లైటారా గిది? మంచిగున్నది. కరెంటు పోతె పనికొస్తది" అన్నది. వాడు "అవునమ్మా" అని నవ్వి, గబుక్కున సంచిలో పడేసుకున్నాడు.

ఆ రాత్రి అందరం పడుకున్నాక గుడ్డ కాలిన వాసన వచ్చింది. ముందరి గదిలో మర్నాడు వ్యాపారికి పంపాల్సిన చద్దర్ల మూటలు ఉన్నాయి. వాటి మీదనే వాడి సంచి ఉంది. జిప్పు తీస్తే సెగ కొట్టింది. తడి తువ్వాలుతో గొట్టాన్ని పట్టుకొని వాకిట్లో సిమెంటు గచ్చు మీదికి విసిరేశాను. కాసేపటికి బుస్సుమని తెల్లటి పొగ వదిలింది. సంచి అరచేయంత మేర కాలింది, అంతే. ఇంకొక పది నిమిషాలు మాకు మెలకువ రాకుంటే చద్దర్లు అంటుకునేవి. ఆ గదిలో నుంచే అందరం బయటికి రావాలి.

నేను 22 ఏళ్ళు పవర్‌లూమ్‌ల మీద జాబరు పని చేసినవాణ్ణి. పొద్దున ఆ గొట్టం విప్పి చూశాను. అర్థం కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎందుకంటే లోపల అర్థం చేసుకోవడానికి ఏమీ లేదు.

గొట్టంలో ఏముంది?

దీన్ని మెకానికల్ వేప్ అంటారు. ఒక లోహపు గొట్టం, లోపల ఒక సెల్లు, అడుగున ఒక బటను, పైన సన్నని తీగ చుట్ట. ఆ తీగనే కాయిల్ అంటారు. బటను నొక్కితే సెల్లులోని కరెంటు నేరుగా కాయిల్‌కు పోతుంది, కాయిల్ ఎర్రబడుతుంది, దూదికి పట్టించిన నికోటిన్ ద్రవం ఆవిరవుతుంది. మామూలు వేప్‌లో సెల్లుకూ కాయిల్‌కూ మధ్య ఒక ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. కరెంటు ఎక్కువైతే, వేడి పెరిగితే, బటను చాలాసేపు నొక్కి ఉంటే అది ఆపేస్తుంది. మెకానికల్ దాంట్లో ఆ పలక లేదు.

మన మగ్గం సంగతే చూడండి. పేక తెగితే ఫోర్కు పడి మగ్గం ఆగుతుంది. ఆ ఫోర్కు పీకేసి మగ్గం నడిపితే ఎట్లుంటుందో మీకు తెలుసు. పేక లేకుండానే మగ్గం ఆడుతూ ఉంటుంది, నేసేవాని కన్ను పడేదాకా గుడ్డ పాడవుతుంది. ఈ గొట్టం కూడా అంతే. ఇక్కడ కన్ను పక్కకు పోతే పాడయ్యేది గుడ్డ కాదు, మనిషి. మా వాని సంచిలో బట్టల బరువుకు బటను నొక్కుకుపోయింది. ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

ఇది మా ఇంటి భయం ఒక్కటే కాదు. 2018 మే నెలలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒకతను తన ఇంట్లోనే ఇలాంటి మెకానికల్ గొట్టం పేలి చనిపోయాడు. ముక్క తలలోకి దూసుకుపోయింది. 2019 జనవరిలో టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 24 ఏళ్ళ యువకుడు మెడ దగ్గర రక్తనాళం తెగి చనిపోయాడు. అదీ మెకానికల్ రకమే. 2015 నుంచి 2017 వరకు వేప్‌లు పేలి, కాలి అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చినవాళ్ళు 2,000 మందికి పైనే ఉంటారని ఒక అంచనా.

ఒక చిన్న లెక్క

ఈ గొట్టాల్లో ఎక్కువగా వాడే సెల్లు పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు. నిండా చార్జి అయితే 4.2 వోల్టులు. కాయిల్ నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. వోల్టులను ఓమ్‌లతో భాగిస్తే సెల్లు నుంచి లాగే కరెంటు ఎన్ని ఆంపియర్లో వస్తుంది. కాయిల్ 0.5 ఓమ్ అయితే 4.2 బై 0.5, అంటే 8.4 ఆంపియర్లు. 0.2 అయితే 21. 0.1 అయితే 42.

ఇప్పుడు సెల్లు వైపు చూడండి. పేరున్న కంపెనీల మంచి సెల్లుల్లో కూడా చాలావాటికి ఆగకుండా ఇవ్వగలిగేది 15, 20 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. శామ్‌సంగ్ 25ఆర్ అనే రకానికి కంపెనీ చెప్పిన హద్దు 20 ఆంపియర్లు. పొగ ఎక్కువ రావాలని పిల్లలు కాయిల్ ఓమ్‌లు తగ్గించుకుంటూ పోతారు. 0.2 దగ్గరికి వచ్చేసరికే ఆ హద్దు దాటింది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని రాగి తీగ లావుగా చుట్టినట్టే ఇది. లైటు వెలుగుతుంది, ఇల్లు కాలుతుంది.

రెండు సెల్లులు ఒకదాని మీద ఒకటి పెట్టే గొట్టాలూ ఉన్నాయి. వాటిలో వోల్టులు 8.4. అదే 0.2 కాయిల్ 42 ఆంపియర్లు లాగుతుంది.

మన దేశంలో చట్టం

ఒక మాట తేటగా చెప్పాలి. మన దేశంలో ఎలక్ట్రానిక్ సిగరెట్లను 2019లో నిషేధించారు. ఆ ఏడు సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారు చేయడం, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. నిల్వ పెట్టినందుకు ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దుబాయిలో దుకాణంలో అమ్ముతారని మనవాడు సంచిలో వేసుకొచ్చేది ఇక్కడ దిగుమతి కిందికి వస్తుంది. "దోస్తు కోసం ఇంకొకటి తెచ్చిన మామా" అంటే బాధ ఇంకా పెరుగుతుంది.

బయటి దేశాల్లో ఉన్న మన పిల్లలకు

అమ్మకం చట్టబద్ధమైన దేశాల్లో మన పిల్లలు ఉన్నారు. వాళ్ళకు ఫోనులో ఈ నాలుగు ముక్కలు చెప్పండి. అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. నికోటిన్ పట్టుకుంటే వదలదు. వాడుతూ ఉంటే మెకానికల్ వద్దు, రక్షణ పలక ఉన్నదే తీసుకోమనండి. కొత్తగా పట్టినవాళ్ళకు మెకానికల్ అసలు పనికిరాదు.

ఇప్పటికే మెకానికల్ ఉంటే చూడాల్సినవి ఇవి. గొట్టానికి గాలి పోయే రంధ్రాలు ఉండాలి. లేకుంటే సెల్లు వదిలే వాయువు బయటికి పోక గొట్టం బాంబు అవుతుంది. బటనుకు తాళం ఉండాలి. జేబులో, సంచిలో పెట్టేముందు తాళం వేయడం కాదు, సెల్లే బయటికి తీయాలి. పై మూత నేరుగా సెల్లుకు తగిలే రకం అయితే, కాయిల్ భాగం అడుగున ఉన్న మధ్య పిన్ను చుట్టూ ఉన్న మర కంటె ముందుకు పొడుచుకొని ఉండాలి. లేకుంటే మర పోయి సెల్లు అంచుకు తగిలి షార్టు అవుతుంది. కొత్త కాయిల్ వేసిన ప్రతిసారీ మీటరుతో ఓమ్‌లు కొలిచి, పైన చెప్పిన లెక్క వేసి, సెల్లు హద్దుకు బాగా లోపల ఉంటేనే వాడాలి. సెల్లు అయిపోయిందని ఆపే పలక కూడా దాంట్లో లేదు కాబట్టి, పొగ తగ్గగానే తీసి చార్జి పెట్టాలి.

అదే సెల్లు మన ఇంట్లో

వేప్ మా ఇంట్లో లేదు కదా అని పేజీ తిప్పేయకండి. 18650 సెల్లు చార్జింగు టార్చిలో ఉంది, పవర్ బ్యాంకులో ఉంది, ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీల్లో చాలావాటిలో ఇలాంటివే వందల కొద్దీ ఉంటాయి. కాబట్టి ఇవి అందరికీ.

సెల్లు మీద 9900 ఎమ్‌ఏహెచ్ అని రాసి ఉంటే అది అబద్ధం. ఈ సైజు సెల్లులో అంత పట్టదు. ఒక అబద్ధం రాసినవాడు ఆంపియర్లు మాత్రం నిజం రాస్తాడా? సంతలో విడిగా అమ్మే సెల్లులు కొనకండి. విడి 18650 సెల్లులు కొనవద్దు, వాడవద్దు అని 2021 జనవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా సంఘమే హెచ్చరించింది.

సెల్లు పైన ప్లాస్టిక్ తొడుగు చూడండి. లోపలి డబ్బా మొత్తం మైనస్, పైన చిన్న బొడిపె ఒక్కటే ప్లస్. తొడుగు చిరిగితే ఆ రెండూ కలవడానికి ఒక్క తాళంచెవి చాలు. జేబులో చిల్లరతో, తాళాలతో సెల్లు వేసుకొని తొడలు కాల్చుకున్నవాళ్ళు ఉన్నారు. విడి సెల్లుకు ప్లాస్టిక్ డబ్బా పెట్టండి, ఖర్చు పెద్దగా ఉండదు.

పరుపు మీద, దిండు కింద, నూలు మూటల పక్కన చార్జింగు వద్దు. రాత్రి పెట్టి పడుకోవద్దు. ఉబ్బినా, సొట్ట పడినా, నీళ్ళలో తడిసినా, వాడకపోయినా వేడెక్కినా ఇంక ఆ బ్యాటరీ వాడకండి. రెండు కొసలకూ టేపు అంటించి ఈ-వేస్టు తీసుకునేవాళ్ళకు ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి.

మనవి ఒక్క గది, రెండు గదుల ఇళ్ళు. స్కూటరు బ్యాటరీని గుమ్మం దగ్గర చార్జింగు పెడతాం. అంటుకుంటే దారి మూసుకుపోతుంది. గుమ్మం వదిలి, వీలైతే బయట పెట్టండి.

అంటుకుంటే ముందు మనుషులను బయటికి పంపండి, పిల్లలను, ముసలివాళ్ళను మొదట. పొగ పీల్చకండి, అది విషం. మెయిన్ స్విచ్చి ఆపండి. చిన్న సెల్లయితే దూరం నుంచి నీళ్ళు కుమ్మరించి చల్లార్చండి. ఆరిపోయినట్టు కనిపించి మళ్ళీ రగులుకుంటుంది, కాబట్టి చేత్తో ముట్టకండి. పెద్దదైతే ఆర్పే ప్రయత్నం మానేసి 101కి గానీ 112కి గానీ ఫోను చేయండి.

మా అక్క ఆ పొద్దున ఏమీ తిట్టలేదు. కాలిన సంచి ముందు పెట్టుకొని కూర్చొని, "నలభై ఏండ్లు తంబాకు ఘాటు పీల్చుకుంట బీడీలు చుట్టిన. నువ్వు దీని దిక్కు పోవద్దనే కదరా చుట్టింది" అన్నది. వాడు తల ఎత్తలేదు. దుబాయి పోయేటప్పుడు గొట్టం తీసుకుపోలేదు. మానేశాడో లేదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. పోయిన వారం ఫోను చేసి, "మామా, మా రూములో ఎనమండుగురం. అందరి పవర్ బ్యాంకులు రాత్రి మంచాల మీదనే చార్జి అయితుండె. ఇప్పుడు గచ్చు మీద ఒక్క చోట పెట్టి, పండుకునే ముందర తీసేస్తున్నం" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఈ రాత్రి ఒకసారి చూసుకోండి.