రందిని కొలిచే తొమ్మిది ప్రశ్నలు

గద్వాల నుంచి అయిజ వైపు పోయే దారిలో ఉంటుంది మల్దకల్. తిమ్మప్ప స్వామి గుడి పేరు చెబితే సరిహద్దు అవతల రాయచూరు జనం కూడా గుర్తుపడతారు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డలో చాలామంది బతుకు విత్తనం కోసం పండించే సీడ్ పత్తి మీదే. పూతకాలంలో సాయంత్రమంతా మొగ్గల్లోని పుప్పొడి భాగాన్ని గోటితో గిల్లేయాలి. తెల్లారాక మగపువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకూ అద్దాలి. ఆ క్రాసింగ్ పనికి కూలీలు కావాలి, కూలీలకు ముందే డబ్బు కావాలి. ఆ డబ్బు చాలాసార్లు విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజర్ దగ్గర వడ్డీకి తెచ్చిందే. తీరా పంట చేతికొచ్చాక విత్తనం స్వచ్ఛతను చూసే జీఓటీ పరీక్షలో ఫెయిలయిందంటే ఏడాది కష్టం నీళ్లపాలు, అప్పు మాత్రం నెత్తిమీద ఉంటుంది.

ఇలాంటి రైతుకు నిద్ర పట్టకపోతే వింతేముంది అంటాం. అక్కడే ప్రమాదం ఉంది. కారణం కళ్లముందు ఉంది కాబట్టి జబ్బు లేదనుకుంటాం. అప్పు తీరితే అదే పోతుందిలే అని వదిలేస్తాం. బాధకు సరైన కారణం ఉన్నా అది జబ్బుగా మారవచ్చు. అలా మారినప్పుడు అప్పు సంగతి ఆలోచించే శక్తి కూడా ఆ మనిషికి మిగలదు. మామూలు రంది ఎక్కడ ఆగుతుంది, డిప్రెషన్ ఎక్కడ మొదలవుతుంది, ఆ తేడా పల్లెలో ఎవరు పట్టుకోగలరు? విశ్వవిద్యాలయాల పరిశోధకులు దశాబ్దాలుగా తిరుగుతున్నది ఈ ప్రశ్న చుట్టూనే.

వాళ్లు వాడే సాధనం చాలా చిన్నది. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, మనసు దిగులుగా ఉందా, నిద్ర ఎలా ఉంది, నీరసం ఉందా, తిండి సహిస్తోందా, నేనెందుకూ పనికిరానని అనిపిస్తోందా, పని మీద ధ్యాస నిలుస్తోందా, కదలిక మందగించిందా లేక నిలకడ లేకుండా ఉందా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు వరకు మార్కులు. అసలు లేదంటే సున్నా, దాదాపు రోజూ ఉందంటే మూడు. మొత్తం 27. పదికి చేరితే డాక్టర్ చూడాలి. చివరి ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే మొత్తం ఎంతైనా సరే, ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు.

కాగితం మీద సులువుగా కనిపించే ఈ పని వాకిట్లో కూర్చుని చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. ఆశా కార్యకర్త అడుగుతుంది: "పెద్దమ్మా, రాత్రిపూట నిద్ర పడుతుందా?" "యాడి నిద్ర బిడ్డా! కన్ను మూస్తే అప్పే యాదికొస్తది." "వారంలో ఎన్ని దినాలు ఇట్లుంటది?" పెద్దమ్మ జవాబు చెప్పదు. కాళ్లు గుంజుతున్నాయంటుంది, గుండె దడ అంటుంది, తల భారమంటుంది. మన పల్లెల్లో దిగులు చాలాసార్లు ఒంటి నొప్పుల వేషంలోనే ఆసుపత్రికి వస్తుంది. బీ కాంప్లెక్స్ మాత్రలతో తిరిగి వెళ్లిపోతుంది. తొమ్మిది ప్రశ్నలు చదివి వినిపిస్తే సరిపోదు, నొప్పి మాట నుంచి నిద్ర మాటకు, నిద్ర నుంచి మనసుకు మెల్లగా రావాలి. అది ఆ ఊరి మనిషికే చేతనవుతుంది.

మానసిక వైద్యం పల్లెకు తేవాలన్న ప్రయోగం ఈ ప్రాంతానికి దూరంగా ఏమీ జరగలేదు. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1980ల నడుమ రాయచూరుకు ఆవల ఉన్న బళ్ళారి జిల్లాను ఎంచుకున్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే దొరికేలా చూశారు. ఆ నమూనా మీదే 1996లో కేంద్ర ప్రభుత్వం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. తొలి విడత జిల్లాల్లో మన మెదక్ కూడా ఉంది.

కానీ తర్వాత వేగం తగ్గింది. 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్క చూస్తే, మానసిక రుగ్మతలు ఉన్నవారిలో ఎక్కువమందికి చికిత్సే అందడం లేదు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన రెండు రాష్ట్రాల పల్లెల గురించి మాట్లాడేటప్పుడు ఈ లోటు గుర్తుంచుకోవాలి.

ఆ లోటును కొంత పూడ్చింది పశ్చిమ గోదావరి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ పరిశోధకులు డాక్టర్ పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో అక్కడి గిరిజన గ్రామాల్లో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే ప్రయోగం చేశారు. ఆశా చేతికి ట్యాబ్ ఇచ్చారు. ఆమె ప్రశ్నలు అడిగి జవాబులు నమోదు చేస్తే ఆ వివరాలు ఆరోగ్య కేంద్రం డాక్టర్ ట్యాబ్‌లోకి చేరతాయి. ఏం అడగాలో, ఏ మందు ఎప్పుడు వాడాలో, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం ఆ ట్యాబే డాక్టర్‌కు సూచిస్తుంది. ఎవరింటికి ముందు వెళ్లాలో ఆశాకు రంగుల గుర్తులతో చెబుతుంది. ఈ తొలి ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. సమస్య ఉన్నట్టు తేలిన 238 మందిలో అంతకుముందు మానసిక వైద్యం పొందినవారు ఇద్దరంటే ఇద్దరు. ప్రయోగం తర్వాత ఆ సంఖ్య 30కి చేరింది. డిప్రెషన్ సగటు మార్కులు 13 నుంచి 3కు పడిపోయాయి.

చదవగానే అద్భుతం అనిపిస్తుంది. కాని అసలు పరిశోధకుడు అక్కడ ఆగడు. దిగులు దానంతటదే తగ్గడం కూడా మామూలే. ఒకే చేనులో కొత్త విత్తనం వేసి దిగుబడి బాగా వచ్చిందంటే నడిగడ్డ రైతు ఒప్పుకోడు, పక్కన పాత విత్తనం వేసిన మడి చూపించమంటాడు. ఇక్కడా అంతే. అందుకే పశ్చిమ గోదావరిలోనూ హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లోనూ 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టారు. దాదాపు 10 వేల మందిని ఏడాది పాటు గమనించారు. ఒకవైపు శిక్షణ, ట్యాబ్, ఇంటింటి పరామర్శ, ప్రచారం. రెండోవైపు, సమస్య ఉందని తేలినవారికి ఆ సంగతి చెప్పి డాక్టర్‌కు చూపించుకోమన్నారు, అంతే.

2024లో ప్రచురించిన ఫలితాల్లో నాకు ముఖ్యంగా తోచింది ఇది. రెండోవైపు కూడా ఏడాది తర్వాత దాదాపు సగం మంది కోలుకున్నారు. పోల్చి చూడకపోతే ఆ సగాన్ని కూడా ట్యాబ్ ఖాతాలో వేసేవాళ్లం. సాయం అందినవైపు కోలుకున్నవాళ్లు నలుగురిలో ముగ్గురు. ఈ రెంటి మధ్య తేడాయే ఆశాల, డాక్టర్ల శ్రమ తెచ్చిన నిజమైన ఫలం. నూటికి దాదాపు 25 మంది. ఎంత నిజాయతీగా కొలిచిన లెక్కో!

ప్రచారం సంగతి కూడా చెప్పాలి. గోదావరి పల్లెల్లో మానసిక జబ్బు అనుభవించి కోలుకున్న మనిషి మాటల వీడియో చూపించారు, వీధి నాటకం వేశారు. సిగ్గు, వివక్ష తగ్గాయి గాని ఆ మార్పు చిన్నదే. పిచ్చి అన్న ముద్రకు భయపడే ఇళ్లు అన్నిచోట్లా ఉన్నాయి, పెళ్లి సంబంధాలు చూసే ఇంట మరీ. మల్దకల్‌లో అలాంటి నాటకం వేయాలంటే తిమ్మప్ప జాతర కన్నా మంచి చోటు నాకు కనపడదు. మొక్కు చెల్లించడానికి వచ్చిన మనిషికి దేవుణ్ణి వదిలేయమని ఎవరూ చెప్పనక్కర్లేదు. గుళ్లో దండం పెట్టుకో, ఆరోగ్య కేంద్రంలో మందు తీసుకో అని చెబితే చాలు.

అయితే గోదావరి జిల్లాలో కుదిరిన పద్ధతి నడిగడ్డలో యథాతథంగా కుదరదు. ఇక్కడ గుంపు మేస్త్రీ వెంట నెలల తరబడి పుణె, ముంబై వలసపోయే కుటుంబాలు ఉన్నాయి. ఆశా రెండోసారి వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంటుంది. మరో సంగతి కల్లు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆసుపత్రులు వణికిపోయేవాళ్లతో, పొంతన లేకుండా మాట్లాడేవాళ్లతో, ఫిట్స్ వచ్చినవాళ్లతో నిండిపోయాయి. కల్లులో కలిపే డైజీపామ్, ఆల్ప్రాజోలామ్ లాంటి మత్తుమందులు ఒక్కసారిగా ఆగడమే కారణం. అలవాటు పడ్డ ఒళ్లు ఆ మందు హఠాత్తుగా ఆగితే తట్టుకోలేదు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. నిద్ర పట్టడం లేదన్న మనిషిని కల్లు గురించి అడగకుండా తొమ్మిది ప్రశ్నలు వేస్తే జవాబు తప్పుదారి పట్టించవచ్చు. మల్దకల్‌లో ఈ పని చేసేవాళ్లు పదో ప్రశ్నగా దాన్ని చేర్చాల్సిందే.

అప్పు మాటేమిటని అడిగేవాళ్లు ఉంటారు, అడగాలి కూడా. విదర్భలోని అమరావతి జిల్లాలో పత్తి రైతుల 30 గ్రామాల్లో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం ఇలాంటి పనే చేసింది. డిప్రెషన్ ఉన్నవారిలో సాయం కోరినవాళ్లు నూటికి నలుగురి నుంచి 27 మందికి పెరిగారు. ఇండోనేసియాలో పేద కుటుంబాలకు నగదు సాయం అందిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు తగ్గాయని మరో పరిశోధన చూపింది. మానసిక వైద్యం, డబ్బు సాయం, ఈ రెంటిలో ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే వాదన నేను ఒప్పుకోను. విత్తన ఒప్పందం రైతు చేతిలో కాగితంగా ఉండాలి, పరీక్ష ఫలితం అతనికి చూపాలి, మందూ మాటా కూడా అందాలి.

ఇంత చేసినా చివరకు భారమంతా ఆశా మీదే పడుతుంది. పిల్లల టీకాలు, గర్భిణుల నమోదు, సర్వేలు ఆమెవే. నెలకు రూ. 18 వేల స్థిర వేతనం కావాలని తెలంగాణ ఆశాలు రోడ్డెక్కారు. ప్రాజెక్టు నడిచినన్నాళ్లు శిక్షణా పర్యవేక్షణా పరిశోధకులు చూసుకుంటారు. వాళ్లు వెళ్లిపోయాక ట్యాబ్ రిపేరు, మందుల సరఫరా, ఆ అదనపు గంటల కూలి బడ్జెట్‌లో ఏ పద్దు కింద వస్తాయో ప్రభుత్వం ముందే రాసిపెట్టాలి. అప్పటిదాకా మల్దకల్‌లో ఎవరికైనా రాత్రిపూట భరించలేనంత బాధ కలిగితే 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఏ వేళనైనా మనిషి పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు.